సింథసైజర్‌పై వీణ: ఒక్క స్వరం కుదురుతోంది, సంచారం కుదరడం లేదు

ప్రశ్న: కాకినాడ_కీబోర్డు

సభ్యులందరికీ నమస్కారం. నేను కాకినాడ పరిసరాల్లో జరిగే కూచిపూడి ప్రదర్శనలకు కీబోర్డు సహకారం అందిస్తుంటాను. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ ఎలాగో సమకూరుతాయి కాని, చిన్న ప్రదర్శనలకు వైణికులను కూడా పిలిపించే స్తోమత నిర్వాహకులకు ఉండదు. అందువల్ల వీణ వినిపించవలసిన చోట్ల ఆ బాధ్యత నా మీద పడుతుంది. నా దగ్గర 61 కీల సింథసైజర్, ఒక లాప్‌టాప్, అందులో భారతీయ వాద్యాల శాంపిల్ లైబ్రరీ (నిజమైన వాద్యాల నుంచి రికార్డు చేసిన స్వరాల సంపుటి) ఉన్నాయి.

ఒక్క కీ నొక్కి వదిలితే ఎవరైనా అది వీణేనంటారు. ఆ మీటు, ఆ లోహపు మెరుపు, ఆ తరువాతి గుంజనం అన్నీ చక్కగానే వినిపిస్తాయి. కాని పది స్వరాల సంచారం వాయించేసరికి ఆ భ్రమ చెదిరిపోతుంది. ముఖ్యంగా తోడి, భైరవి వంటి రాగాల్లో అది మరీ కృతకంగా ఉంటుంది. నాట్యాచార్యులు ఒకరు రిహార్సల్‌లో విని, శబ్దం వీణదేగాని వాయిస్తున్నది వీణ కాదని అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

నా ఇబ్బందులు ప్రధానంగా మూడు. గమకం కోసం వైబ్రాటో (స్వరాన్ని యంత్రమే ఊపే సదుపాయం) పెడితే స్వరం సైరను కూతలాగా ఒకే తీరుగా ఊగుతుంది. పిచ్ బెండ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రం) తిప్పితే రాగం తీగతో పాటు నేను పట్టి ఉంచిన శ్రుతి తీగలు కూడా పైకి జరిగిపోతాయి. ఇక చక్రాన్ని కాస్త ఎక్కువగా తిప్పితే వాద్యమే చిన్నదైపోయినట్లు, ఆటబొమ్మ వీణలాగా వినిపిస్తుంది. ఇంతకన్నా ఖరీదైన లైబ్రరీ కొంటే ఈ సమస్యలు తీరుతాయా, లేక శాంపిళ్లను పక్కన పెట్టి మరో పద్ధతిలో నాదాన్ని పుట్టించుకోవాలా? ఈ పని చేసినవారు, వీణ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: స్టూడియో_శబ్దం

కాకినాడ_కీబోర్డు గారూ, లైబ్రరీ కొనే ఆలోచన ప్రస్తుతానికి వాయిదా వేయండి. మీరు చెప్పిన మూడింటిలో రెండు మీ దగ్గరున్న పరికరాల అమరికతోనే చాలావరకు తీరుతాయి.

ముందుగా, ఒక్క స్వరం ఎందుకు కుదురుతోందో చూద్దాం. మన చెవి వాద్యాన్ని గుర్తుపట్టేటప్పుడు స్వరం మొదలయ్యే తొలి క్షణానికి, అంటే సెకనులో పదో వంతుకు కూడా మించని ఆ వ్యవధికి, చాలా ప్రాధాన్యం ఇస్తుంది. రికార్డు చేసిన స్వరాల నుంచి ఆ ఆరంభాన్ని కత్తిరించి మిగిలిన భాగాన్ని మాత్రమే వినిపిస్తే, అనుభవజ్ఞులైన సంగీతకారులు సైతం ఒక వాద్యాన్ని మరొకటిగా పొరబడతారని ప్రయోగాల్లో తేలింది. 1987లో రోలాండ్ సంస్థ తెచ్చిన డీ-50 సింథసైజర్ ఈ సూత్రాన్నే ఆధారం చేసుకున్నది. మెమరీ చిప్పులు ఎంతో ఖరీదైన ఆ కాలంలో వారు స్వరం మొత్తాన్ని రికార్డు చేసి పెట్టకుండా, ఆరంభానికి మాత్రం నిజమైన వాద్యం నుంచి తీసిన చిన్న శాంపిల్‌ను వాడి, ఆ తరువాతి నాదాన్ని సింథసైజర్ తరంగంతో నింపారు. చెవి మొదటి ముక్కను నమ్మి, మిగిలినదాన్ని కూడా అంగీకరించేది. మీ లైబ్రరీలోని మీటు కూడా అలాగే శ్రోతను నమ్మిస్తున్నది.

అయితే ఆరంభం ఒక్కటే సరిపోదని అంతకు చాలాకాలం ముందే తెలిసింది. 1960లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్-క్లోద్ రిస్సే ట్రంపెట్ నాదాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించినప్పుడు, ఊదే బలం పెరిగేకొద్దీ పై స్వరాంశాల (ఒక స్వరంలో కలిసి మోగే పై పౌనఃపున్యాల) పాలు కూడా పెరుగుతూ పోతుందని గమనించారు. ఏ క్షణంలోనైనా స్వరాంశాల కొలతలు తీసుకొని వాటిని స్థిరంగా వినిపిస్తే అది ట్రంపెట్‌లాగా ఉండదు, ఆ కొలతలు కదలాలి. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న ఎఫ్ఎం పద్ధతి ఈ కదలికనే అతి తక్కువ గణనతో సాధించింది. ఒక తరంగం మరొక తరంగపు పౌనఃపున్యాన్ని అతివేగంగా ఊపుతుంది, ఆ ఊపు పరిమాణాన్ని కాలంతో పాటు మారిస్తే స్వరపు మెరుపు కూడా మారుతుంది. 1983లో యమహా తెచ్చిన డీఎక్స్7 ఇత్తడి వాద్యాలను, గంటలను, ఎలక్ట్రిక్ పియానోను ఒక్క శాంపిల్ కూడా లేకుండా పలికించగలిగిందంటే కారణం ఇదే.

వీణ విషయానికి వస్తే, కదలవలసిన వాటిలో మొదటిది శ్రుతి. పియానో తీగ ఒకసారి మోగాక దాని స్వరస్థానం మారదు కాబట్టి, కీబోర్డు రూపకల్పన అంతా స్వరాలు విడివిడిగా ఉంటాయన్న ఊహ మీద నడిచింది. వీణలో ఒక మీటుకు, తరువాతి మీటుకు మధ్య జరిగేదే సంగీతం. ఆ మధ్యభాగం మీ లైబ్రరీలో లేదు, దాన్ని మీ చేతులే సృష్టించాలి.

ఇక అమరికలు చెబుతాను. మొదట సింథసైజర్‌ను మోనో, లెగాటో స్థితిలో పెట్టండి. అప్పుడు ఒక కీ నొక్కి ఉంచి మరొకటి నొక్కితే కొత్త మీటు వినిపించకుండా శ్రుతి మాత్రమే మారుతుంది, వేలు ఎత్తి నొక్కితే మీటు వినిపిస్తుంది. కొన్ని శాంపిల్ ప్లేయర్లు లెగాటోలో కూడా శాంపిల్‌ను మొదటి నుంచి మొదలుపెడతాయి కనుక, మీది అలా చేస్తున్నదేమో ఒకసారి పరీక్షించండి. ఎన్వలప్‌లో సస్టెయిన్‌ను (కీ పట్టి ఉంచినంతసేపు నిలిచే నాదాన్ని) పూర్తిగా సున్నా చేసి, డికేను (నాదం తగ్గే వ్యవధిని) కొన్ని సెకన్ల పాటు ఉంచండి. తగ్గని వీణ నాదం లోకంలో లేదు.

రెండోది పిచ్ బెండ్ పరిధి. సాధారణంగా కీబోర్డులు పైకి రెండు, కిందికి రెండు స్వరస్థానాల పరిధితో వస్తాయి. తోడి గాంధారం శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా, అంటే నాలుగు స్వరస్థానాల మేర తిరుగుతుంది. రిషభం కీ నొక్కి పైకి లాగాలంటే పరిధి కనీసం నాలుగు ఉండాలి, ఐదు పెడితే కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఏదైనా ఒకటేనని పన్నెండు పెట్టవద్దు. మిడి (కీబోర్డులు, కంప్యూటర్ల మధ్య స్వర సందేశాలు పంపే) ప్రమాణంలో బెండ్‌కు 16,384 మెట్లు ఉన్నప్పటికీ చవక కీబోర్డులు కొన్ని 128 మెట్లే పంపుతాయి. పరిధి పన్నెండైతే అటువంటి కీబోర్డులో ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు (సెంటు అంటే ఒక స్వరస్థానపు ఎడంలో నూరో వంతు) అవుతుంది, నెమ్మదిగా సాగే జారులో ఆ మెట్లు చెవికి స్పష్టంగా తగులుతాయి. ఐదు పెడితే మెట్టు 8 సెంట్లకు తగ్గుతుంది.

మూడోది శ్రుతి తీగల సమస్య. మిడిలో పిచ్ బెండ్ సందేశం ఒక్కో స్వరానికి విడిగా వెళ్లదు, మొత్తం చానల్‌కు వెళ్తుంది. కాబట్టి శ్రుతి తీగలను వేరే చానల్‌లో పెట్టి, కీబోర్డులో కింది అష్టకాన్ని ఆ చానల్‌కు కేటాయించండి, బెండ్‌ను పై చానల్‌కు మాత్రమే పంపండి. ప్రతి స్వరానికీ వేరే చానల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో ప్రమాణంగా వచ్చింది కాని, మీ అవసరానికి రెండు చానళ్లు చాలు.

వైబ్రాటో కోసం ఎల్ఎఫ్ఓను (స్వరాన్ని తనంతట తానే ఊపే నెమ్మది తరంగాన్ని) మాత్రం వీణ ప్యాచ్ (శబ్దపు అమరిక) నుంచి పూర్తిగా తీసివేయండి. ఊపు ఎలా ఉండాలో వీణ వాయించేవారే చెబితే బాగుంటుంది.

సమాధానం: వైణికురాలు_విజయనగరం

నమస్కారం. నాకు సింథసైజర్ గురించి పెద్దగా తెలియదు. అయితే పై సమాధానంలో చెప్పిన అమరికలను వీణ మీద చేతులు చేసే పనితో పోల్చి చూసుకుంటే, మీకు ఎక్కడ ఏది వాడాలో తేటపడుతుందని అనిపించి రాస్తున్నాను.

వీణ తీగను దండి (వీణ పొడవాటి మెడ) మీది మెట్టుపై నొక్కి పక్కకు లాగితే స్వరం పైకే వెళ్తుంది. ఆ మెట్టు స్వరం కన్నా కిందికి వెళ్లే మార్గం లేదు. అందువల్ల మీ చక్రాన్ని మధ్యబిందువు నుంచి పైకి మాత్రమే తిప్పండి, కిందికి ఎప్పుడూ తిప్పవద్దు. పై నుంచి దిగే జారు కావాలంటే, మేము ముందుగానే తీగను లాగి ఉంచి, అప్పుడు మీటి, ఆ తరువాత వదులుతాం. మీరు కూడా కింది కీ మీద వేలు పెట్టి, చక్రాన్ని ముందే పైకి తిప్పి, కీ నొక్కి, నెమ్మదిగా వదలండి. ఈ ఒక్క అలవాటు వల్ల మీ వాదనం ఎంతో మారుతుంది. వినేవారికి కారణం తెలియకపోయినా, వీణ మీద అసాధ్యమైన కదలిక వినిపిస్తే ఏదో తేడాగా ఉన్నదని మనసుకు తడుతుంది.

కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం గురించి చెబుతాను. నేను నేర్చుకున్న పద్ధతిలో తోడి గాంధారాన్ని రిషభం మెట్టు దగ్గర నొక్కి, మధ్యమం వైపు లాగుతూ వదులుతూ పలికిస్తాం. ఆ ఊపు గడియారపు లోలకంలాగా సమంగా ఉండదు. వేలు కింద కొంచెం ఆగుతుంది, పైకి వెళ్లి తాకి వెంటనే తిరిగివస్తుంది, మరుసటి ఊపు మొదటిదాని కన్నా కాస్త పెద్దదిగానో చిన్నదిగానో ఉంటుంది. గాంధారమనే స్థానం మీద వేలు నిలవనే నిలవదు, అయినా విన్నవారికి గాంధారమే వినిపిస్తుంది. పైగా ఊపు వేగం లయతో ముడిపడి ఉంటుంది. విలంబంలో ఒక అక్షరకాలానికి ఇన్ని అని మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది. దాన్ని యంత్రానికి అప్పగిస్తే సైరనే వస్తుంది. అలాగే షడ్జ పంచమాలకు కంపితం లేదు. వాటిని నిశ్చలంగా నిలపండి, ఆ నిలకడ ఉంటేనే పక్క స్వరాల కదలికకు అర్థం వస్తుంది.

మీకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడే విషయం మీటులు ఎక్కడ పడతాయన్నది. కృతి వాయించేటప్పుడు మేము సాహిత్యాక్షరాలను అనుసరించి మీటుతాం. గాయకుడు "కృష్ణా" అని పాడితే "కృ" దగ్గర ఒక మీటు, "ష్ణా" దగ్గర ఒక మీటు పడతాయి. ఆ "ణా" దీర్ఘం ఆరు స్వరాల మీదుగా సాగినా మళ్లీ మీటం, అదంతా ఎడమచేతి లాగుడులోనే వస్తుంది. మీరు నృత్యానికి వాయిస్తున్నారు కనుక సాహిత్యం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. అక్షరం పడినచోట వేలు ఎత్తి కొత్తగా నొక్కండి, అచ్చు సాగినచోట వేలు ఎత్తకుండా లెగాటోతోనో చక్రంతోనో నడపండి. స్వరానికొక మీటు పడితే అది కీబోర్డని తెలిసిపోతుంది.

మీటిన నాదం తరుగుతూ పోతుంది కనుక ఒక్క మీటు మీద ఎంత దూరం వెళ్లగలమన్నదే వైణికుని సామర్థ్యానికి గీటురాయి. ఈమని శంకరశాస్త్రి గారి రికార్డింగులు, వారి శిష్యులూ మీ కాకినాడలోనే పుట్టినవారూ అయిన చిట్టిబాబు గారి రికార్డింగులు శ్రద్ధగా వినండి. ఒక నిమిషం ఆలాపన తీసుకొని, మీటు పడిన ప్రతిచోటా కాగితం మీద ఒక గీత గీయండి. స్వరాల సంఖ్యకన్నా గీతల సంఖ్య ఎంత తక్కువగా ఉంటుందో చూస్తే నా మాట మీకు వెంటనే బోధపడుతుంది.

తాళ తీగల (మీరు శ్రుతి తీగలన్నవాటి) గురించి ఒక మాట. వాటిని కుడిచేతి చిటికెనవేలితో మీటుతాం. అవి తంబురలాగా ఎడతెగకుండా మోగవు, తాళం దెబ్బల దగ్గర, పాదాంతాల్లో, ఖాళీలు నింపవలసిన చోట మోగుతాయి. మీరు వాటిని పట్టి ఉంచుతున్నానని రాశారు. పట్టి ఉంచవద్దు, మూడు తీగలు ఒకదాని వెంట ఒకటి అతి స్వల్ప ఎడంతో మోగేలా మీటి వదిలేయండి.

కాకినాడ_కీబోర్డు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వైణికురాలు గారూ, మీటులను సాహిత్యంతో ముడిపెట్టమన్న సూచనను ఈ రోజే ఒక పల్లవి మీద ప్రయత్నించాను. ఎడమచేయి చక్రం మీద లాగుడుకు, కుడిచేయి కీల మీద మీటుకు అనుకొని వాయిస్తే చేతులకు పని విభజన సహజంగానే కుదిరింది. స్ప్రింగు ఉన్న చక్రం కావడం వల్ల వదలగానే ఒక్కసారిగా మధ్యకు దూకుతోంది, దాన్ని చివరి వరకు వేలితో అదుపులో ఉంచి దించడం సాధన చేయాలి. శ్రుతి తీగలు ఇప్పుడు స్థిరంగా ఉన్నాయి.

ఆటబొమ్మ వీణ సమస్య మాత్రం అలాగే ఉన్నది. రిషభం నుంచి మధ్యమం వరకు లాగినప్పుడు నాదం పలచబడి, వీణ కుండ (గుండ్రటి బోలు భాగం) చిన్నదైపోయినట్లు వినిపిస్తోంది. దీనికి ఉపాయం ఉన్నదా?

సమాధానం: ధ్వనిశాస్త్రం_వరంగల్లు

ఉన్నది. ముందు కారణం చెబుతాను. వీణలో తీగ ఒకటి, దాన్ని వినిపించే కర్ర మరొకటి. పనస కొయ్యను తొలిచి చేసిన కుండకు, దండికి తమవైన అనునాదాలు ఉంటాయి. తీగ ఏ స్వరం పలికినా ఆ అనునాదాలు ఉన్నచోటనే ఉండి, తమకు దగ్గరగా వచ్చిన స్వరాంశాలను పెంచుతాయి. శాంపిల్‌లో తీగా, కర్రా కలిసి ఒకే రికార్డుగా ఉంటాయి. దాన్ని మీరు నాలుగు స్వరస్థానాలు పైకి లాగితే తీగతో పాటు కుండ అనునాదాలు కూడా దాదాపు నాలుగో వంతు పైకి జరుగుతాయి, అంటే నిజంగానే చిన్న కుండ శబ్దం వస్తుంది. మీ చెవి సరిగానే పట్టుకున్నది. ఎంత ఖరీదైన లైబ్రరీ అయినా, లాగుడును ఇదే పద్ధతిలో చేస్తే ఈ దోషం తప్పదు.

అందుకే తీగను, కర్రను వేరు చేయాలి. తీగకు ఒక సులువైన నమూనా ఉన్నది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతిలో, ఒక చిన్న వరుసను యాదృచ్ఛిక సంఖ్యలతో, అంటే రొదతో నింపి, దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తూ, ప్రతి చుట్టులోనూ పక్కపక్క సంఖ్యల సగటును తిరిగి ఆ వరుసలో రాస్తారు. సెకనుకు 44,100 నమూనాల వేగంలో వరుస పొడవు 300 ఉంటే సుమారు 147 హెర్ట్జ్ స్వరం వస్తుంది. సగటు తీయడం వల్ల పై స్వరాంశాలు త్వరగా, కిందివి నెమ్మదిగా ఆరిపోతాయి, కాబట్టి మొదటి రొద మీటులాగా, ఆ తరువాతిది మోగే తీగలాగా వినిపిస్తుంది. ఇంత చిన్న లెక్కతో ఇంత సజీవమైన నాదం రావడం నన్ను ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది. మీ విషయంలో ముఖ్యమైనదేమంటే, ఇక్కడ శ్రుతిని లాగడమంటే వరుస పొడవును మార్చడమే, అందులో లాగడానికి కుండ లేదు. ఈ పద్ధతిని వాడే ఉచిత ప్లగిన్లు చాలా ఉన్నాయి. ఫిజికల్ మోడలింగ్ అన్న పేరుతో వెతకండి.

అయితే దాన్ని నేరుగా వింటే గిటారుకు దగ్గరగా ఉంటుంది. దానికి ఒక కారణం బ్రిడ్జి. గిటారు తీగ సన్నని అంచు మీద నిలుస్తుంది, వీణ తీగ కాస్త వంపు తిరిగిన వెడల్పైన లోహపు పలక మీద ఆనుకుంటుంది. కంపించేటప్పుడు ఆ వంపును తాకుతూ వీడుతూ ఉండడం వల్ల పై స్వరాంశాలకు శక్తి మళ్లీ మళ్లీ చేరుతుంది. సి.వి. రామన్ 1920ల ఆరంభంలో వీణ, తంబురల మీద పరిశోధించి ఇక్కడే ఒక విశేషాన్ని చూపారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు దగ్గర నిశ్చలంగా ఉండే స్వరాంశాలు వినిపించకూడదని భౌతికశాస్త్ర నియమం చెబుతుంది, వీణలో అవి కూడా బలంగా వినిపిస్తాయి. పూర్తి స్థాయిలో దీన్ని అనుకరించడం కష్టం కాని, తీగ నమూనాలో హై ఫ్రీక్వెన్సీ డ్యాంపింగ్ (పై స్వరాంశాలను అణచే పాలు) తగ్గించి, దాని తరువాత చాలా స్వల్పంగా సాచురేషన్ (కొద్దిపాటి వక్రీకరణ) కలిపితే మెరుపు త్వరగా ఆరిపోకుండా ఉంటుంది. ఎక్కువ కలిపితే సితారు వైపు జరుగుతుంది, జాగ్రత్త.

ఇక కర్ర. తెలిసిన వైణికుల ఇంటికి వెళ్లి, వీణ తీగలన్నిటినీ మెత్తటి గుడ్డతో అణచిపెట్టి, బ్రిడ్జి మీద పెన్సిలు వెనుక భాగం వంటి తేలికైన వస్తువుతో ఒక్కసారి తట్టి, కుండకు మూరెడు దూరంలో మైకు ఉంచి రికార్డు చేయండి. "టక్" మన్న ఆ చిన్న శబ్దంలో కుండ, దండిల అనునాదాలన్నీ ఉంటాయి. దాన్ని కాన్వల్యూషన్ రివర్బ్ (ఒక శబ్దానికి మరొక వస్తువు అనునాదాన్ని అద్దే) ప్లగిన్‌లో ఇంపల్స్‌గా పెట్టి, తీగ నమూనాను దాని గుండా పంపండి. ఇప్పుడు తీగ ఎంత లాగినా కుండ కదలదు.

మీ శాంపిల్ లైబ్రరీని పూర్తిగా వదులుకోవలసిన అవసరం కూడా లేదు. స్టూడియో_శబ్దం గారు చెప్పిన డీ-50 ఉపాయాన్ని ఇక్కడ వాడండి. మీటు ఆరంభాన్ని మాత్రం శాంపిల్ నుంచి తీసుకొని, బెండ్ లేకుండా వినిపించి, ఆ వెంటనే తీగ నమూనాకు అప్పగించండి.

వైణికురాలు_విజయనగరం

పై సూచనకు ఒక చిన్న చేర్పు. తట్టేటప్పుడు తీగలతో పాటు ఎడమవైపు ఉండే సొరకాయ బుర్రను కూడా చూసుకోండి. వీణను నేల మీద పెట్టి బుర్ర గచ్చుకు ఆనేలా ఉంచితే అది అదరడం వల్ల రొద కలుస్తుంది. వాయించేటప్పుడు ఉండే విధంగా బుర్రను తొడ మీద ఆనించుకొని కూర్చున్న మనిషి ఉండగానే రికార్డు చేయండి. గదిలో ఫ్యాను ఆపండి. మీరు విజయనగరం వైపు వస్తే నా దగ్గరున్న బొబ్బిలి ఏకాండి (ఒకే కొయ్య నుంచి తొలిచిన) వీణ మీద చేసుకోవచ్చు, రెండు చోట్ల మైకు పెట్టి చూద్దాం.